హిల్లా ఎక్కే కుర్చీ

ఆవిరి పెట్టె మూత తీసి, తోలు తొడుగులు వేసుకున్న చేతులతో గూరి బర్చ్ కర్రను బయటికి లాగింది. ఇక ఆలోచించడానికి వ్యవధి ఉండదు. కర్ర చల్లబడేలోపు అచ్చు చుట్టూ తిరిగిపోవాలి. తటపటాయిస్తే విరుగుతుంది, తొందరపడితే పైపొర చీలుతుంది. ఆమె ఒక కొసను మేకుకి ఆనించి, తుంటితో నెట్టుతూ, రెండో కొసను ఆగకుండా తనవైపు తిప్పుకుంది. కర్ర మూలిగింది, తర్వాత మాట విన్నది. బిగింపులు వేసి, వంపు మీద ఒకసారి అరచేయి నడిపి, ఎక్కడా పీచు లేవలేదని తెలిశాక తొడుగులు తీసింది.

అది కుర్చీకి వీపు. కుర్చీ అంటే ఇంట్లో వేసుకునేది కాదు. ఒక మనిషిని కూర్చోబెట్టి ఇంకో మనిషి వీపున వేసుకుని కొండెక్కడానికి. ఇటువంటిది గూరి ఇంతకుముందు చేయలేదు. గడ్డి మోసే గంపలు, చేపల బుట్టలు, తెడ్లు, పిల్లల ఊయలలు, సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ ఫియోర్డ్ ఒడ్డున కర్ర వంచి చేసేవేవైనా ఆమె పాకలోంచి వెళ్ళినవే. చిన్నతనంలో ఆమె కుర్చీల ఫ్యాక్టరీలో దిండ్లు కుట్టడానికి చేరింది. చెక్కపని మగవాళ్ళది. గూరి మిషను తొక్కుతూ అవతలి బల్ల దగ్గర వాళ్ళ చేతులు ఎటు తిరుగుతున్నాయో చూసేది. ఇంటికొచ్చి వంటింటి కెటిల్ మీద కర్రలు పట్టి వంచేది. ఆ చలికాలమంతా ఇంట్లో పొయ్యి విరిగిన కర్రలతోనే మండింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మగవాళ్ళు ఊరు విడిచి పనులు వెతుక్కున్నారు. గూరి పడవల షెడ్డు పక్కన పాక వేసుకుంది. పెళ్ళి ఊసెత్తినవాళ్ళకి పని చూపించేది, పనెలా నేర్చుకున్నావని అడిగినవాళ్ళకి విరిగిన కర్రల గుట్ట చూపించేది.

కుర్చీ యోస్టైన్ కోసం. అతను గూరి అక్క కొడుకు. అక్క పోయాక సగం పెంపకం గూరిదే. పెద్దయ్యాక ఫియోర్డ్ పొడవునా పడవలో ఉత్తరాలు పంచే పని చేశాడు. మంచు పడ్డా గాలి కొట్టినా అతని పడవ చప్పుడు విని జనం టపాపెట్టె దగ్గరికి నడిచేవారు. మూడేళ్ళ కిందట రేవు మెట్ల మీద ఊరికే తూలాడు. తర్వాత కర్ర పట్టాడు. ఇప్పుడు చక్రాల కుర్చీ. డాక్టర్లు జబ్బుకి పేరు పెట్టారుగాని అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేదు. కాళ్ళు పోయాయి. చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ "ఇంకా" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ పైకి అనరు.

వారం కిందట యోస్టైన్ భార్య సోల్‌ఫ్రిడ్ పాకలోకి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పిన్నీ, ఈసారి గడ్డికోతకి తనని హిల్లా తీసుకెళ్ళాలి. పోయినేడు కిటికీ దగ్గర కూర్చుని మన పడవలు వెళ్ళడం చూశాడు. పొద్దుగూకేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. వచ్చే ఏటికి..."

అక్కడితో ఆగిపోయింది.

"బరువెంత?" అంది గూరి.

"దేని బరువు?"

"మీ ఆయన. మోసేవాళ్ళ భుజాలు ఊడిరాకుండా చూడాలిగా."

సోల్‌ఫ్రిడ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బరువు చెప్పి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

హిల్లా అంటే నీళ్ళకి నిటారుగా ఎంతో ఎత్తున, కొండ పక్కలో అరలా ఉన్న పచ్చిక నేల. రెండు ఇళ్ళు, ఒక కొట్టం. అక్కడ మనుషులు ఉండటం ఎప్పుడో మానేశారు. కానీ ఏటా గడ్డి కోయకపోతే పొదలు కమ్మేస్తాయి, పొదలు కమ్మేస్తే దారి పోతుంది. అందుకని ఎండాకాలంలో వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి ఒడ్డున ఉన్నవాళ్ళంతా పడవల్లో వెళ్ళి, ఎక్కి, కోసి, ఎండేసి దిగుతారు. ఇది ఊరి ఉమ్మడి పని. కూలి ఉండదు, కృతజ్ఞతలు చెప్పుకోవడం ఉండదు. వచ్చిన ప్రతివాడికీ పని ఉంటుంది, పని చేసిన ప్రతివాడికీ మీగడ గంజి ఉంటుంది.

ఆ ప్రయాణం ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి ఆదివారం పేడర్ పడవల షెడ్డులో కూడారు. పేడర్ గూరితో కలిసి చదువుకున్నవాడు. చేపల పెంపకంలో పనిచేస్తాడు, ఉమ్మడి పనికి పెద్ద. తలుపు అంత మనిషి. సోల్‌ఫ్రిడ్ పెనం మీద స్వేలే అట్లు పోసి తెచ్చింది. వాటిలో వెన్న, గోధుమరంగు జున్ను పెట్టుకుని తింటూ, కాఫీ తాగుతూ, పేడర్ చెప్పేది విన్నారు. యోస్టైన్ తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు.

"టూరిస్టుల ఓడ ఉదయం లోపలికొస్తుంది," అన్నాడు పేడర్. "దాని అలలు సద్దుమణిగేదాకా హిల్లా కింద పడవ ఆనించలేం. కాబట్టి ఓడకంటే ముందే మనం రాతి మీదికి దిగిపోవాలి. లేటుగా లేచేవాళ్ళు ఈదుకుంటూ రండి."

"ముందు నువ్వు లే. పోయినేడు నిన్ను లేపడానికి నేనొచ్చాను," అంది గూరి.

"ఆ ఒక్క ఏడే. సరే, యోస్టైన్‌ని నేనూ, ఇంకో ముగ్గురూ మార్చుకుంటూ మోస్తాం. దారిలో పట్టుకోవడానికి గొలుసు కట్టిన మలుపు దగ్గర నేనే. సోల్‌ఫ్రిడ్, గంజి నీది. గూరి గడ్డి పోగుచేసే పళ్ళకర్రలు బాగుచేసి తెస్తుంది. కొడవళ్ళకి సాన పట్టడం... నేను పడతాలే."

అందరూ ఒక్కసారి మూలిగారు.

"నువ్వు సాన పట్టిన కొడవలితో కోస్తే గడ్డి వంగి దండం పెట్టి మళ్ళీ లేచింది," అంది గూరి.

యోస్టైన్ నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైంది. హిల్లాలో సాన చక్రం ముందు కుర్రతనం నుంచీ అతనే ఉండేవాడు. ఆ నిలువెత్తు పిడి కొడవళ్ళని అతను పట్టినట్టు ఎవరూ పట్టలేరు. అతను ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే పేడర్ అతనివైపు తిరిగాడు, మనసులో ఉన్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని.

"నువ్వేం పని పెట్టుకోకు యోస్టైన్. ఊరికే వచ్చి కూర్చో. ఎండకి కూర్చుని హాయిగా ఫియోర్డ్ చూడు. నువ్వొస్తే చాలు మాకు."

"అవునవును, వస్తే చాలు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. గూరి కూడా తలూపింది.

యోస్టైన్ చేతిలోని అట్టు పళ్ళెంలో పెట్టేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఆ సంగతి గూరి చూసింది గాని కడుపు నిండిందనుకుంది.

కుర్చీ నాలుగు రోజుల్లో తయారైంది. గూరి దాని మీద మనసు పెట్టింది. వీపుకి మెత్తగా గొర్రెతోలు కప్పింది. చేతులు ఆనించుకోవడానికి పక్కకర్రలు వంచింది, వాటి మొనల్ని అరచేతికి నున్నగా తగిలేలా తిప్పింది. పాదాలకి పలక. మోసేవాడూ కూర్చున్నవాడూ వీపుకి వీపు ఆనుకుంటారు. బరువు వెన్నుకి దగ్గరగా ఉంటేనే కొండెక్కగలరని గడ్డి మోసిన ప్రతివాడికీ తెలుసు. కుర్చీ తీసుకెళ్ళి యోస్టైన్ ఇంటి ముందు పెట్టింది.

అతను చుట్టూ చూశాడు. ఒక అతుకు మీద వేలు పెట్టి చూశాడు.

"బాగుంది పిన్నీ. చర్చికి ఇచ్చెయ్. బిషప్ వచ్చినప్పుడు పనికొస్తుంది."

"కూర్చుని చూడు."

"చూసినంత చాలు. నేను రావట్లేదు."

సోల్‌ఫ్రిడ్ వాకిట్లోకి వచ్చింది. "రావట్లేదా? ఎందుకని?"

"ఎందుకంటే, గొలుసు మలుపు దగ్గర పేడర్ కాలు జారిందనుకో. వాడు నీళ్ళలో పడితే ఈదుతాడు. నేను కుర్చీతో సహా అడుగుకి పోతాను. చేపలకి సింహాసనం."

"అలా మాట్లాడకు."

"అడిగావు, చెప్పాను." చక్రాలు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సోల్‌ఫ్రిడ్ గూరి మొహం చూసింది. గూరి కుర్చీ వీపున వేసుకుని పేడర్ దగ్గరికి వెళ్ళింది.

"భయమట," అంది.

"యోస్టైన్‌కి భయమా? తుఫానులో పెన్షన్ డబ్బులు తెచ్చి ఇచ్చినవాడికి?" పేడర్ తల గోక్కున్నాడు. "సరే, భయం పోగొడదాం. ఎవర్నైనా ఎక్కించుకుని చర్చి గుట్ట ఎక్కి దిగుతాను. జారకపోతే నమ్ముతాడుగా. నువ్వే ఎక్కు."

"నేనా?"

"బరువులో నువ్వు వాడికి ఏం తీసిపోతావు గనక?"

"నోరు ముయ్యి," అని గూరి ఎక్కి కూర్చుంది.

పేడర్ లేచాడు. నేల కిందికి పోయింది. గుట్ట ఎక్కుతుంటే ఫియోర్డ్ మెల్లగా ఆమె కళ్ళ ముందు పరుచుకుంది. మోసేవాడికి రాయి కనిపిస్తుంది, మోయించుకునేవాడికి నీళ్ళు కనిపిస్తాయి. ఇంతకాలం ఈ గుట్ట ఎక్కినప్పుడల్లా ఆమె వీపున ఏదో ఒక బరువు ఉండేది, కళ్ళు కాళ్ళ ముందు ఉండేవి. ఇప్పుడు అవతలి గట్టు, దాని మీంచి దారాల్లా జారే నీళ్ళు, రంగు మారుతున్న లోతు, అన్నీ తీరుబడిగా కనిపించాయి. కుర్చీ కిర్రుమనలేదు. పేడర్ అడుగు తడబడలేదు. అతుకులన్నీ బాగున్నాయి.

అయినా ఏదో బాగోలేదు. ఏమిటో తెలియక ఆమె చేతులవైపు చూసుకుంది. రెండూ ఒడిలో పడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, ఎవరివో వేరేవాళ్ళవి తెచ్చి అక్కడ పెట్టినట్టు. వాటిని పక్కకర్రల మీదికి మార్చింది. అక్కడా ఊరికే ఉన్నాయి.

దారిలో మార్గిట్ ఎదురైంది. కోళ్ళు పెంచే పెద్దావిడ.

"అయ్యో పేడర్, గూరికి ఏమైంది?"

"ఏం కాలేదు," అంది గూరి.

"కాలు విరిగిందా ఆవిడకి?" మార్గిట్ పేడర్‌నే అడిగింది.

"కాలు బాగానే ఉంది మార్గిట్, కుర్చీ చూస్తున్నాం," అంది గూరి గట్టిగా.

"చలేస్తుందేమో పేడర్, ఏదైనా కప్పరాదూ పాపం," అని మార్గిట్ తన శాలువా తీసి గూరి మోకాళ్ళ మీద కప్పి, చుట్టూ దోపి, చెంప మీద తట్టి వెళ్ళింది.

పేడర్ వీపు నవ్వుతో ఊగుతోంది. "చలేస్తోందా ఆవిడకి?"

గూరి నవ్వలేదు. "దించు," అంది.

"ఇంకా పైకి..."

"దించు పేడర్. ఇప్పుడే."

దిగి, శాలువా మడత పెట్టి అతని చేతికిచ్చింది. "మనం యోస్టైన్‌ని పిలిచింది పనికి కాదు. చూడ్డానికి. టూరిస్టుని పిలిచినట్టు పిలిచాం."

"నేను మంచికే..."

"తెలుసు. నేనూ తలూపాను. ఈ కుర్చీ కూడా అదే చేసింది, చూడు ఈ గొర్రెతోలు." అంటూనే తోలు ఊడబీకింది.

అక్కడినుంచి సరాసరి యోస్టైన్ దగ్గరికి వెళ్ళింది. అతను కిటికీ దగ్గర ఉన్నాడు. గూరి బూట్లు విప్పి, లోపలికొచ్చి, జేబులోంచి కొలతకర్ర తీసింది.

"హిల్లాలో సాన చక్రం ఎంత ఎత్తు ఉంటుంది?"

"ఎందుకు?"

"నువ్వు కూర్చుని పట్టాలి. పేడర్ సాన పడితే ఈసారి పళ్ళతో కొరుక్కోవాలి గడ్డి."

యోస్టైన్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. గొంతు కోపంగా వచ్చింది.

"కుదరదు పిన్నీ. నేను ఆలోచించలేదనుకున్నావా? కొడవలి రాయి మీద నొక్కితే రాయి తిరిగి తోస్తుంది. కాలు తన్నిపెట్టుకుంటేనే మనిషి నిలుస్తాడు. నేను వెనక్కి జారిపోతాను."

"జారకుండా చూడటం నా పని. నువ్వు ఎత్తు చెప్పు."

గూరి కొలతకర్ర పట్టుకుని అక్కడే నిలబడింది. చివరికి అతను గాలిలో అరచేయి చాపి, కళ్ళు మూసుకుని, కొంచెం దించి, "ఇరుసు ఇక్కడికి," అన్నాడు. ఆమె కొలిచింది. "కానీ నేల సమంగా ఉండదు. నీళ్ళవైపు వాలు. అటు కాళ్ళు పొడుగ్గా ఉండాలి."

"ఎంత పొడుగు?"

"నా జోడు కింద ఎప్పుడూ చదును రాయి ఒకటి పెట్టుకునేవాణ్ణి. అంత."

"పక్కకర్రలు?"

"తీసెయ్. మోచెయ్యి ఆడదు. అసలు అవెందుకు పెట్టావు?"

"బిషప్ కోసం," అంది గూరి.

అతను ఆమెవైపు తిరిగి, కొలతకర్ర అందుకుని, తన మోకాలినుంచి తుంటికి తనే కొలిచి చూపించాడు.

అసలు పని అక్కడ మొదలైంది. మోసేవాడికి కుర్చీ తేలిగ్గా ఉండాలి, సాన పట్టేవాడికి కదలకుండా ఉండాలి. ఈ రెండూ ఒకదానితో ఒకటి పడవు. గూరి మొదట లావు కాళ్ళు వేసి, చేత్తో ఎత్తి చూసి, పొయ్యిలో పెట్టింది. రెండోసారి సన్నవి వంచింది. అందులో ఒకటి ఆవిరి చాలక అచ్చు మీదే పగిలింది. మూడోసారి పాదాల పలకనే పనిలోకి తెచ్చింది. ఎక్కేటప్పుడు అది పాదాల కింద పలక. దించాక మేకు తీసి ముందుకి జరిపితే, కుర్చీని ముందునుంచి నేలకి తన్నిపెట్టే కాలు. యోస్టైన్ కాళ్ళు చేయాల్సిన పని ఆ పలక చేస్తుంది. వెనక, తుంటి కిందుగా ఒక అడ్డకర్ర వంచింది, వెనక్కి జారే మనిషిని అక్కడ ఆపడానికి. నడుముకి వెడల్పాటి తోలు పట్టీ. నీళ్ళవైపు కాళ్ళకి కన్నాలు వేసి, వాలుని బట్టి పొడుగు మార్చుకునేలా మేకులు పెట్టింది.

మధ్యలో యోస్టైన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి, నీళ్ళ తొట్టి తన కుడివైపు ఉంటుందని చెప్పడానికి. రెండోసారి, ఆ సంగతి ముందే చెప్పానా అని అడగడానికి.

"చెప్పావు. పెట్టెయ్, కర్ర చల్లారిపోతోంది," అంది గూరి.

వాన తెరిపి ఇచ్చింది. మర్నాడే కోత అని పేడర్ కబురు పంపాడు. ఆ మధ్యాహ్నం గూరి కుర్చీని యోస్టైన్ పెరట్లోకి తెచ్చింది. మార్గిట్ ఇంట్లో వాడకుండా పడి ఉన్న సాన చక్రాన్ని పేడర్ తోపుడు బండి మీద తెచ్చి దించాడు. తన కొడవలి కూడా తెచ్చాడు.

పేడర్, సోల్‌ఫ్రిడ్ కలిసి యోస్టైన్‌ని ఎత్తి కూర్చోబెట్టారు. గూరి పలక ముందుకి జరిపి మేకు దిగగొట్టింది. పట్టీ బిగించింది. సోల్‌ఫ్రిడ్ చక్రం పిడి పట్టుకుంది.

"ఊఁ," అన్నాడు యోస్టైన్.

రాయి తిరిగింది. తొట్టిలో నీళ్ళు దాని అంచుకి తడిగా అంటుకున్నాయి. అతను కొడవలిని రాయి మీద పెట్టి, మొదట ఊరికే ఆనించాడు. తర్వాత నొక్కాడు. కుర్చీ ఒకసారి కిర్రుమంది. అతని నడుము వెనక్కి కదిలి అడ్డకర్రకి తగిలి, జానెడు జారబోయి, మళ్ళీ ముందుకి వచ్చింది. సోల్‌ఫ్రిడ్ పిడి వదిలేసింది.

"తిప్పడం ఎందుకు ఆపావు?" అన్నాడు.

"జారావు కదా!"

"పట్టీ వదులు. పిన్నీ, ఇంకో కన్నం లోపలికి కావాలి."

గూరి సంచిలోంచి తోలు కుట్టే ఆర తీసి, పట్టీ విప్పకుండానే, అతని నడుం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కన్నం పొడిచింది. బిగించి, రెండు వేళ్ళు లోపలికి దూర్చి చూసింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఊపిరి తర్వాత తీసుకుంటా. తిప్పు."

ఈసారి అతను భుజాల బరువంతా వేశాడు. పలక నేలని పట్టుకుంది, అడ్డకర్ర తుంటిని పట్టుకుంది, మనిషి నిలిచాడు. రాయి మీద ఇనుము సన్నగా, ఒకే శ్రుతిలో పాడటం మొదలుపెట్టింది. కొడవలి పిడి దగ్గర మొదలై మొన దాకా ఆగకుండా పోయింది, తిరిగి వచ్చింది. అతని ముంజేతుల మీద నరాలు లేచి కనిపిస్తున్నాయి. చెమట ముక్కు కొసనుంచి కారుతున్నా తుడుచుకోలేదు.

చివరికి బొటనవేలు అంచుకి అడ్డంగా ఆనించి చూసి, కొడవలిని పేడర్‌కి అందించాడు. పేడర్ పెరటి చివరికి వెళ్ళి ఒక్కసారి విసిరాడు. మోకాలెత్తు గడ్డి చప్పుడు లేకుండా పక్కకి ఒరిగింది. ఇంకోసారి విసరబోయి ఆగి, కొడవలి వైపు, తర్వాత యోస్టైన్ వైపు చూశాడు.

"ఇది నా కొడవలేనా?"

"నీదే. చెయ్యి తెగుద్ది, దూరంగా పట్టుకో," అన్నాడు యోస్టైన్. "రేపు కొడవళ్ళన్నీ మొద్దువే పడవలో వెయ్యి. ఇక్కడ ఒక్కటీ పట్టను. పైనే పడతాను. ఒకటి మొద్దుబారేలోపు ఇంకోటి అందిస్తూనే ఉంటా, మీరే అలిసిపోవాలి."

"వస్తున్నావన్నమాట," అన్నాడు పేడర్.

"లేకపోతే మీకెవరు సాన పడతారు, నువ్వా?"

పేడర్ కొడవలి కింద పెట్టాడు. "యోస్టైన్, ఆ రోజు షెడ్డులో నేను..."

"ఆ మాట వదిలెయ్. రేపు పెందరాళే లేవడం చూసుకో, ఓడ అలల్లో నన్ను ముంచకుండా."

సోల్‌ఫ్రిడ్ ఇంకా చక్రం పిడి పట్టుకునే ఉంది. దాన్ని వదిలి, చేతులు గౌనుకి తుడుచుకుని, గంజికి మీగడ ఇంకాస్త కావాలని ఎవరితోనో చెబుతున్నట్టు గొణుక్కుంటూ లోపలికి వెళ్ళింది.

గూరి కుర్చీ చుట్టూ తిరిగింది. ప్రతి మేకునీ సుత్తితో ఒకసారి తట్టింది. పలకని వెనక్కి జరిపి యోస్టైన్ పాదాలు దాని మీద సర్దింది. అడ్డకర్ర అతుకు దగ్గర కొత్తగా ఒక పీచు లేచి ఉంటే కత్తితో గీసి, వేలితో తడిమి, నున్నగా ఉందని చూసుకుంది.

"ఇటు రా," అంది పేడర్‌తో.

అతను కుర్చీకి వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. గూరి రెండు పట్టీలూ అతని భుజాల మీదికి ఎక్కించి, ఛాతీ మీద కొక్కెం తగిలించి, ఒకసారి గట్టిగా లాగి చూసింది. కుర్చీ మీదనుంచి చెయ్యి తీసేసింది.

"ఇక మీది," అని, పనిముట్లు సంచిలో వేసుకుంది.